ట్రాక్టరునకు తగిన ట్రాలీ: లాగుట, మోయుట, ఆపుట

ట్రాక్టరు కొనదలచిన రైతు మొదట అడుగు ప్రశ్న, “ఇది ఎన్ని అశ్వశక్తులది?” అని. ట్రాలీ కొనదలచిన రైతు మొదట అడుగు ప్రశ్న, “ఇందు ఎన్ని బస్తాలు పట్టును?” అని. రెండును అడుగదగిన ప్రశ్నలే. కాని ఈ రెంటిని జతపఱచి, “ఈ ట్రాక్టరు ఈ ట్రాలీని నిండు బరువుతో లాగగలదా? దాని నొగబరువును మోయగలదా? దిగుడునందు దానిని ఆపగలదా?” యని అడుగువారు అరుదు. ఎద్దులబండి కాలమున ఈ విచారణ రైతునకు నేర్పవలసిన పని లేకుండెను. చిన్న గిత్తలకు పెద్దబండి కట్టరాదని పసివాడును ఎఱుగును. బరువు మీఱినచో ఎద్దు మోకాళ్లపై కూలబడి మనకు బుద్ధి చెప్పెడిది. యంత్రమునకు నోరు లేదు. బరువెక్కువైనను అది కొంతదూరము పోవుచునే యుండును. పోవుచున్నది గనుక సరిపోయినదని మనము భ్రమపడుదుము. కావున ఈ నెల పాఠమునందు ట్రాక్టరునకు ట్రాలీని ఎట్లు జతపఱుపవలెనో లెక్కలతో వివరింప బూనితిమి. ట్రాలీని కొన్ని తావుల ట్రక్కు అనియు, కొన్ని తావుల తొట్టి అనియు పిలుతురు. పేరేదైనను లెక్క ఒక్కటే.

1. తొట్టి నిండుట వేఱు, బరువు నిండుట వేఱు

మొదట తెలిసికొనవలసినది సరకు బరువు. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గల తొట్టిని తీసికొందము. దీని పట్టు 120 ఘనపు అడుగులు, అనగా సుమారు 3.4 ఘనపు మీటర్లు. ఈ తొట్టిని అంచుల సమముగా నింపినచో, ఊక సుమారు 400 కిలోలకు లోపుగనే తూగును. విడి ధాన్యము సుమారు 2,000 కిలోలు తూగును. మాగిన పెంటఎఱువు కూడ రమారమి అంతియే. నీరైనచో 3,400 కిలోలు. తడి ఇసుక యైనచో 6,000 కిలోలకు పైమాటే. తొట్టి ఒక్కటే, చూపునకు నిండుట ఒక్కటే. కాని ఊకకును ఇసుకకును పదునైదు రెట్ల భేదము గలదు. “ఎప్పుడును నింపునంతయే నింపితిమి” అను మాట ఇందువలన చెల్లదు. ధాన్యమునకు సరిపోయిన తొట్టిని ఇసుకతో అంచుల వఱకు నింపుట మూడు తొట్ల ధాన్యమును ఒక్కమాఱు ఎత్తుటతో సమానము.

ఇంకొక సంగతి. ట్రాలీయొక్క స్వంత బరువును లెక్కలో చేర్చుట తఱచు మఱచిపోవుదురు. ఇనుపరేకు, ఇరుసు, చక్రములు కలిసి వట్టి ట్రాలీయే వెయ్యి నుండి పదునైదువందల కిలోల వఱకు ఉండును. 75 కిలోల బస్తాలు 60 వేసినచో సరకు 4,500 కిలోలు. వట్టి ట్రాలీ 1,500 కిలోలు. మొత్తము 6,000 కిలోలు. ఈ ఉదాహరణమునే పాఠము పొడవునను వాడుకొందుము. లాగు ట్రాక్టరు 40 మొదలు 45 అశ్వశక్తులది, బరువు 2,000 కిలోలు అనుకొందము.

2. లాగుట

ట్రాక్టరు లాగుడు ఇంజనుబలము ఒక్కదానిమీదనే ఆధారపడి యుండదు. వెనుక చక్రములు నేలను ఎంత గట్టిగా పట్టుకొనునో అంతయే లాగగలదు. 2,000 కిలోల ట్రాక్టరునందు వెనుక చక్రములమీద సుమారు 1,250 కిలోలు ఉండును. పొడి తారురోడ్డు మీద చక్రము తనపై బరువులో ఇంచుమించు పదింట ఏడు పాళ్లు పట్టు చూపును; అనగా సుమారు 900 కిలోల లాగుడు. గట్టి మట్టిబాట మీద సగము, అనగా సుమారు 600. తడిసిన బురదనేలలో నాలుగవ వంతు కంటె కొంచెము ఎక్కువ, అనగా 350 మాత్రమే.

ఇక ట్రాలీ ఎంత లాగుడు కోరునో చూతము. చదునైన తారురోడ్డు మీద మొత్తము బరువులో నూటికి రెండు పాళ్ల లాగుడు చాలును. 6,000 కిలోలకు 120. మట్టిబాట మీద నూటికి అయిదు, అనగా 300. మెత్తని తడిపొలములో నూటికి పదునైదు గాని అంతకు మించిగాని, అనగా 900.

ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూచినచో రెండు విషయములు బోధపడును. పొలములో 350 మాత్రమే లాగగల ట్రాక్టరు 900 కోరు ట్రాలీని కదలింపజాలదు. చక్రములు తిరిగి తిరిగి గోతిలో దిగబడును. కోతల కాలమున వాన పడినప్పుడు ప్రతిగ్రామమునను మనము చూచునది ఇదియే. అట్టిచోట సగము బస్తాలతో గట్టునకు చేర్చి, గట్టుమీద మిగిలినవి నింపుకొనవలెను. రెండవది దీనికంటె ముఖ్యమైనది. తారురోడ్డు మీద 900 లాగగల ట్రాక్టరునకు 120 కోరు ట్రాలీ ఆటవస్తువువలె తోచును. ఇంకను రెండింతలు వేసినను లాగును. ఇచ్చటనే రైతు మోసపోవుచున్నాడు. చదునైన రోడ్డు బరువును దాచును. ఎక్కుడును దిగుడును దానిని బయటపెట్టును.

10 అడుగులకు 1 అడుగు ఎత్తు లేచు కాలువగట్టు ఎక్కుడును తీసికొనుడు. ఎక్కుడునందు మొత్తము బరువులో పదవ వంతు లాగుడు అదనముగా కావలెను. ట్రాలీ 6,000, ట్రాక్టరు 2,000, కలిసి 8,000. పదవ వంతు 800. మట్టిబాటకు మామూలుగా కావలసిన 300 దానికి చేర్చినచో 1,100. మట్టిబాట మీద మన ట్రాక్టరు పట్టు 600. కొక్కెముమీది బరువు వలన ఇది కొంత హెచ్చునుగాని చాలదు. మధ్యలో చక్రము జాఱి, బండి వెనుకకు దొరలుట తటస్థించును. ముందు చక్రములు లేచుటయు ఇచ్చటనే సంభవించును. దానిని గూర్చి తరువాత చెప్పుదుము.

3. మోయుట

రెండు చక్రముల ట్రాలీ ఎద్దులబండి వంటిదే. బండివాడు బరువును ఇరుసుకు కొంచెము ముందుగా సర్దును. వెనుక బరువైనచో నొగ పైకి లేచి పలుపు ఎద్దుల గొంతునకు బిగియును. ముందు బరువు మితిమీఱినచో కాడి మెడను కోయును. ట్రాక్టరునకు కొక్కెమే మెడ.

లెక్క సులభము. కొక్కెము నుండి ట్రాలీ ఇరుసు వఱకు 10 అడుగులనుకొందము. 3,000 కిలోల సరకు యొక్క నడిమి భారము ఇరుసుకు 1 అడుగు ముందున్నచో అందు పదవ వంతు, అనగా 300 కిలోలు కొక్కెముమీద పడును. 2 అడుగులు ముందున్నచో 600. 1 అడుగు వెనుకనున్నచో 300 కిలోలు కొక్కెమును పైకెత్తును. అప్పుడు ట్రాక్టరు వెనుక చక్రములు తేలికయై పట్టు తప్పును, ట్రాలీ రోడ్డుమీద తోకవలె ఊగును. చెఱకు, వెదుళ్లు, ఇనుపకడ్డీలు తొట్టిదాటి వెనుకకు వ్రేలాడునట్లు వేయువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ముందు బరువు మంచిదే యని మితిమీఱ వేయరాదు. కొక్కెము వెనుక ఇరుసుకు వెనుకగా నుండుటచే, దానిమీది ప్రతి బరువును తూనికకోల వలె ముందు చక్రములను తేలిక చేయును. మన ట్రాక్టరునకు ముందు చక్రములమీద సుమారు 750 కిలోలు ఉండును. కొక్కెముమీద 300 పడినచో ముందు సుమారు 115 తగ్గును. 600 పడినచో 230 తగ్గును. 1,000 పడినచో 385 తగ్గి, మిగులునది 365 మాత్రమే. ముందు చక్రములమీద ట్రాక్టరు బరువులో అయిదవ వంతు, అనగా 400 కిలోలైనను లేనిచో చుక్కాని త్రిప్పినను బండి తిరుగదు. ఎక్కుడునందు ఈ మిగిలినదియు వెనుకకు జాఱును. కాలువగట్టు మీద చక్రము తిరుగక పోవుటయన నేమో మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.

కొక్కెము ఎత్తును గూర్చి ఒక మాట. ట్రాలీని తయారుచేసినవారు చూపిన క్రింది కొక్కెమునకే తగిలింపవలెను. బురదలో దిగబడినప్పుడు గొలుసును వెనుక ఇరుసుకు గాని, మూడవ లింకు తగిలించు పైచోటున గాని కట్టి లాగుట ప్రాణాంతకము. పట్టు పైనున్నచో వెనుక చక్రము కదలదు, ట్రాక్టరే దాని చుట్టు తిరిగి వెల్లకిలపడును. ముందు చక్రములు లేచుట మొదలైన తరువాత రెండు సెకండ్లలోపుననే అంతయు ముగియును. క్లచ్చి నొక్కుదమని తలచునంతటి వ్యవధి యుండదు.

4. ఆపుట

ఇది పాఠమంతటిలో ముఖ్యభాగము. లాగగలిగినదంతయు ఆపగలదని యెంచరాదు.

మన పాత ట్రాలీలలో పెక్కింటికి స్వంత బ్రేకులు లేవు. అట్టి ట్రాలీ కట్టినప్పుడు ట్రాక్టరు వెనుక చక్రముల బ్రేకులే మొత్తము బరువును ఆపవలెను. గంటకు 30 కిలోమీటర్ల వేగమున ఒంటి ట్రాక్టరు పొడి తారురోడ్డు మీద బ్రేకు నొక్కిన పిదప సుమారు 9 మీటర్లలో నిలుచుననుకొందము. దానికి 6,000 కిలోల బ్రేకులేని ట్రాలీ తగిలించినచో ఆపవలసిన బరువు 2,000 నుండి 8,000కు, అనగా నాలుగు రెట్లకు పెరిగినది. బ్రేకు బలము మాత్రము ఇంచుమించు వెనుకటిదే. కావున నిలుచు దూరము కూడ నాలుగు రెట్లై 35 మీటర్ల వఱకు పోవును. చూచి కాలు వేయుటకు పట్టు ఒక సెకండులో జరుగు 8 మీటర్లు దీనికి చేర్చుడు. మొత్తము 43 మీటర్లు. ఎదుట మేకగాని బిడ్డగాని అడ్డుపడినప్పుడు ఈ దూరము మనకు దొరకునా?

వేగము తగ్గించుటవలన కలుగు లాభమును కూడ చూడుడు. వేగము సగమైనచో బ్రేకు దూరము నాలుగవ వంతగును. గంటకు 15 కిలోమీటర్ల వేగమున అదే నిండు ట్రాలీ 9 మీటర్లలో నిలుచును. అనగా నిండుబండితో 15 కిలోమీటర్ల వేగమున పోవువాడు, ఒంటి ట్రాక్టరుతో 30 కిలోమీటర్ల వేగమున పోవువానితో సమానుడు. ఖర్చులేని బ్రేకు నెమ్మదియే.

మలుపునందు మఱియొక అపాయము గలదు. బ్రేకు నొక్కగా ట్రాక్టరు నిలుచును, ట్రాలీ నిలువక దానిని వెనుకనుండి నెట్టును. బండి చాకువలె మడతపడి, ట్రాక్టరు ప్రక్కకు పడిపోవును. ఎడమ కుడి బ్రేకు పెడళ్లను జతపఱచు కొక్కీని రోడ్డెక్కకమునుపే తగిలింపవలెను. పొలములో మలుపుల కొఱకు విడదీసి అట్లే రోడ్డెక్కినచో ఒక చక్రమే పట్టి బండి ఒక ప్రక్కకు లాగును. దిగుడు మొదలు పెట్టకమునుపే తక్కువ గేరు వేయవలెను. ఏ గేరున ఎక్కుదుమో ఆ గేరుననే దిగవలెనని పాత డ్రైవర్లు చెప్పు మాట బంగారము. నూనె మిగుల్చుకొందమని దిగుడులో గేరు తీసి న్యూట్రలున విడుచుట, క్లచ్చి నొక్కి జాఱనిచ్చుట ఆత్మహత్యా సదృశము.

మఱి బ్రేకులేని ట్రాలీ ఎంతవఱకు తగును? అమెరికాదేశపు వ్యవసాయ యంత్రముల ప్రమాణములలో ఒక హెచ్చరిక గలదు: బ్రేకులేని బండి నిండు బరువుతో ట్రాక్టరు బరువునకు ఒకటిన్నర రెట్లకు మించరాదు, వేగము గంటకు 32 కిలోమీటర్లు దాటరాదు. ఈ కొలతను మన 2,000 కిలోల ట్రాక్టరునకు వర్తింపజేసినచో ట్రాలీతో కూడ 3,000 కిలోలు. వట్టి ట్రాలీ 1,500 పోగా సరకు 1,500. అనగా 20 బస్తాలు. మనము వేయునవి 60. ఈ భేదమును చదువరులు తామే తలపోయుదురు గాక. 20 బస్తాలతో బేరము గిట్టదనువారికి మార్గము లేకపోలేదు: ట్రాక్టరుతో కలిసి పనిచేయు స్వంత బ్రేకులు గల ట్రాలీని కొనవలెను, తయారీదారుని పుస్తకమునందును రిజిస్ట్రేషను పత్రమునందును చూపిన బరువు వఱకే వేయవలెను. బ్రేకులకు పెట్టు ధనము ట్రాలీ వెలలో చిన్నభాగము.

5. కాటాయొద్ద అరగంట పరీక్ష

ఈ లెక్కలన్నియు కాగితముమీదివే యనువారు సమీపమున నున్న వేబ్రిడ్జి కాటాకు పోయి తమ బండినే తూచి చూచుకొనవచ్చును.

మొదట ఒంటి ట్రాక్టరును తూచి వ్రాసికొనుడు. రెండవది, దాని ముందు చక్రములను మాత్రమే కాటామీద నిలిపి తూచుడు. మూడవది, నిండు ట్రాలీని తగిలించి, విప్పకయే, ట్రాక్టరు చక్రములను మాత్రమే కాటామీద నుంచి తూచుడు. మొదటి తూకముకంటె ఎంత హెచ్చినదో అంతయు కొక్కెముమీది బరువు. నాలుగవది, నిండు ట్రాలీ తగిలియుండగా ముందు చక్రములను మరల తూచుడు. ట్రాక్టరు బరువులో అయిదవ వంతుకు దిగినచో బస్తాలను వెనుకకు సర్దవలెను, లేదా తగ్గింపవలెను. తుదకు ట్రాక్టరు ట్రాలీలను కలిపి తూచుడు. ఈ అయిదు అంకెలను ట్రాలీ ముందు రేకుమీద రంగుతో వ్రాయించినచో, ఎవరు నడిపినను ఎఱుక కలిగి యుందురు.

6. ఇతరదేశమున ఇదే లెక్క

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారు కొందఱు సెలవుదినములలో పికప్పు ట్రక్కునకు పడక, వంటపొయ్యి గల ఇంటివంటి ట్రెయిలరును తగిలించి యాత్రలు చేయుదురు. అచ్చట కూడ ప్రకటనలలో “ఇన్ని వేల పౌనులు లాగును” అను ఒక్క అంకెయే పెద్ద అక్షరములతో నుండును. కాని డ్రైవరు తలుపు కంబమునకు అంటించిన చిన్న చీటీమీద, మనుష్యులును సామానును కలిసి ఇంతకు మించరాదను వేఱొక అంకె యుండును. నిజమైన హద్దు తఱచు ఇదియే. ట్రెయిలరు నొగబరువు దాని మొత్తములో నూటికి 10 నుండి 15 పాళ్లు ఉండవలెనని అచ్చటి నియమము. తక్కువైనచో ట్రెయిలరు ఊగును. ఈ నొగబరువును ఆ చీటీలోని బరువుననే జమకట్టవలెను. చీటీ 650 కిలోలు చూపినదనుకొందము. 3,000 కిలోల ట్రెయిలరు నొగబరువు నూటికి 12 చొప్పున 360. మిగిలినది 290. 75 కిలోల చొప్పున నలుగురు కూర్చున్నచో 300. ఒక్క పెట్టె యైనను ఎక్కింపకమునుపే హద్దు దాటినది! లాగుడులో ఎంతో మిగులుండగా మోతలో తఱుగు వచ్చెను. మన ట్రాక్టరునకు ఆపుట హద్దు. వారి పికప్పునకు మోయుట హద్దు. ఏ హద్దు ముందుగా తగులునో దానినే పాటింపవలెను. ఆ దేశమున పెక్కు రాష్ట్రములలో ఒక నిర్ణీత బరువు దాటిన ట్రెయిలరునకు స్వంత బ్రేకులుండుట చట్టరీత్యా విధి.

7. చట్టము, మనుష్య ప్రాణము

మన దేశమున ట్రాలీ నిండు బరువు రిజిస్ట్రేషను పత్రమున వ్రాయబడి యుండును. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, అధికభారమునకు 20,000 రూపాయల జుల్మానాయు, మించిన ప్రతి టన్నునకు మఱి 2,000 రూపాయలును విధింపవచ్చును. హెచ్చు సరకును దింపు ఖర్చు కూడ యజమానిదే. ఒక్కమాఱు పట్టుబడినచో ఎన్ని ట్రిప్పుల బాడుగ పోవునో లెక్కించుకొనుడు.

జుల్మానా చెల్లింపవచ్చును, ప్రాణము చెల్లింపరాదు. 2018 జూన్ 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ యొద్ద కూలీలతో పోవు ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది మరణించిరి. వారిలో అధికులు పొలముపనికి పోవుచున్న స్త్రీలు. ఆ ప్రమాదమునకు కారణము విచారించుట మా పని కాదు. మనము నేర్వవలసిన దొక్కటి: ట్రాలీ సరకునకు చేయబడినది గాని మనుష్యులకు కాదు. అందు కూర్చుండుటకు ఆసనము లేదు, పట్టుకొనుటకు కమ్మి లేదు. తిరుగబడినచో రేకుతొట్టి మూతవలె పైన పడును. నీటిలో పడినచో తప్పించుకొను దారి యుండదు. నాట్లకు పోవు స్త్రీలు ట్రాలీ యెక్కుట వారి యిష్టము వలన కాదు, వేఱు బండి లేకపోవుట వలన. కావున దోషము ఎక్కువారిది కాదు, ఎక్కించువారిది. సరకు బండిలో ఎక్కిన మనుష్యులకు నష్టపరిహార మిచ్చుటకు భీమావారు నిరాకరింపవచ్చును. కూలీలకు ఆటో బాడుగ ఇచ్చుట సాగు ఖర్చులలో చేర్చుకొనవలెను.

8. సంఘము చేయదగినవి

ఒక్కొక్క రైతు ఈ పనులన్నియు చేయలేకపోవచ్చును, సంఘము చేయగలదు. ట్రాలీ కొఱకు ఋణము అడిగినప్పుడు, ట్రాక్టరు బరువును, ట్రాలీ వట్టిబరువును, నిండుబరువును, బ్రేకు గలదా లేదా అనుదానిని దరఖాస్తునందు వ్రాయించుకొనవలెను. సంఘము బాడుగకిచ్చు ట్రాలీలకు బ్రేకులు పెట్టింపవలెను. కొక్కెపు పిన్ను జాఱకుండ చీల, పిన్ను విఱిగినను ట్రాలీ విడిపోకుండ గొలుసు, వెనుక ఎఱ్ఱదీపము, వెలుగు తగిలిన మెఱయు పట్టీలు ఉన్నవో లేవో కోతలకు ముందు ఒక దినము అందఱి బండ్లను చేర్చి పరీక్షింపవలెను. చీకటిలో దీపములేని ట్రాలీ, వెనుక వచ్చువానికి రోడ్డు నడుమ కట్టిన గోడ.

అభ్యాసము

సభ్యులు ఈ క్రింది లెక్కలను తమ యింటి పిల్లలచేత చేయించి చూడవలెనని కోరుచున్నాము.

ఒకటి: మీ తొట్టి పొడవు, వెడల్పు, లోతు అడుగులలో కొలిచి గుణింపుడు. వచ్చినదానిని 35తో భాగించినచో ఘనపు మీటర్లు వచ్చును. దానిని విడి ధాన్యమునకు 580తోను, నీటికి 1,000తోను, తడి ఇసుకకు 1,900తోను గుణించినచో కిలోలు వచ్చును. మీ రిజిస్ట్రేషను పత్రములోని నిండుబరువులో వట్టిబరువు తీసివేసి, ఈ మూడింటిలో ఏది హద్దు దాటుచున్నదో గుర్తింపుడు.

రెండు: 1,800 కిలోల ట్రాక్టరునకు 1,200 కిలోల బ్రేకులేని ట్రాలీ కట్టినచో, ఒకటిన్నర రెట్ల కొలత ప్రకారము 75 కిలోల బస్తాలు ఎన్ని వేయవచ్చును? 1,800కు ఒకటిన్నర రెట్లు 2,700. అందు 1,200 పోగా 1,500. జవాబు 20 బస్తాలు. ట్రాక్టరు చిన్నదైనను, ట్రాలీ తేలికయగుటచే బస్తాలు తగ్గలేదని గమనింపుడు. బలమైనదే యైనను అనవసరముగా బరువైన ట్రాలీ కొనుట లాభము కాదు.

మూడు: మీ యూరి కాలువగట్టు ఎక్కుడు ఎన్ని అడుగులకు ఒక అడుగు లేచుచున్నదో కొలిచి, మీ నిండుబండి దానిని ఎక్కుటకు ఎంత అదనపు లాగుడు కావలెనో కట్టుడు.

ఈ మూడవ లెక్కను మాత్రము బండి గట్టెక్కకమునుపే చేయుడు.